ఆతె కుట్టిన గౌను

మా ఇంట్లో ముందు తలుపు తీయగానే కాలికి తగిలేది చెప్పుల స్టాండు కాదు, ఒక అట్టపెట్టె. నడుం దాకా ఎత్తు. దాని మీద ఇద్దరు మనుషులు కూర్చుని పేకాడుకోవచ్చు, అంత వెడల్పు. న్యూకాసిల్‌లో మేం అద్దెకుండే, పక్కిళ్ళతో గోడలు కలిసిన ఆ వరసింట్లో ముందు గదంటే గదీ కాదు, నడవంటే నడవా కాదు. ఆ కాస్త జాగాలో ఈ పెట్టె పెట్టుకుని, పక్క నుంచి పొట్ట లోపలికి పీల్చుకుని నడిచేవాళ్ళం. తలుపు సగమే తెరుచుకునేది. నేను రోజూ విసుక్కునేదాన్ని. "ఆతె, ఇది ఎప్పుడు కదులుతుంది ఇక్కణ్ణుంచి?" అంటే, "నిండినప్పుడు" అనేది. ఎప్పుడు నిండుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆతె అంటే వాళ్ళ భాషలో అక్క. ఫిలిప్పీన్స్ మనిషి. నేను పనిచేసే ఆస్పత్రిలోనే నర్సు. నాది కింద ల్యాబ్‌లో రక్తాలూ మూత్రాలూ చూసే ఉద్యోగం, ఆమెది పై అంతస్తులో ముసలివాళ్ళ వార్డు. నాకంటే పదేళ్ళు పెద్దది. పెద్దవాళ్ళని ఉత్త పేరు పెట్టి పిలవడం వాళ్ళలోనూ తప్పే, మనలోనూ తప్పే. అందుకని మొదటి వారంలోనే నాకు ఆతె అయి కూచుంది.

నేను మాస్టర్స్ చదువుకని గుంటూరు నుంచి వచ్చి, చదువయ్యాక ఉద్యోగం దొరికితే ఇక్కడే ఉండిపోయినదాన్ని. ఒక్కదాన్నీ ఇంటద్దె కట్టుకోలేక, ఇల్లు పంచుకునే మనిషి కావాలని క్యాంటీన్ బోర్డు మీద కాగితం అంటించాను. ఆమె వచ్చింది. వంటిల్లు చూసింది, పై గది చూసింది, ఏమీ అనలేదు. బాత్రూంలోకి తొంగి చూసి, టాయిలెట్ పక్కన పెట్టిన నీళ్ళ మగ్గు కనబడగానే మొహం చాటంత చేసుకుని, "ఎప్పుడు రమ్మంటావు?" అంది. వాళ్ళూ మనలాగే నీళ్ళ మనుషులు. ఈ దేశంలో కాగితం తప్ప ఎరగని ఇళ్ళల్లో పన్నెండు చోట్ల ఇల్లు వెతికిందట పాపం.

మూడు పూటలా అన్నం తినే మనిషి. ఉదయం లేస్తూనే రాత్రన్నంలో వెల్లుల్లి వేసి వేయించుకునేది. చింతపండు పులుసులో చేపా తోటకూరా వేసి కాచేది, తాలింపు మాత్రం ఉండదు. తాలింపు లేని పులుసేమిటని నేను ఆవాలూ ఎండుమిర్చీ వేయించి తెస్తే, పొగకి అలారం మోగి వీధి వీధంతా బయటికొచ్చింది. ఆమె ఎండుచేపలు వేయిస్తే నేను కిటికీలన్నీ తెరిచి శాపనార్థాలు పెట్టేదాన్ని. ఇద్దరం పోట్లాడుకున్నాం, అలవాటుపడ్డాం. మిగతా ఆస్పత్రంతా పొద్దున్నే వాతావరణం గురించి మాట్లాడుకుంటే, మేమిద్దరం మాత్రం ఎదురుపడగానే "తిన్నావా?" అని అడుగుతాం. వాళ్ళ భాషలోనూ అదే పలకరింపట.

ఇక ఆ పెట్టె సంగతి. పరాయి దేశంలో పనిచేసే ప్రతి ఫిలిప్పీన్స్ మనిషి ఇంట్లోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. నెలలపాటు నింపి, ఓడ మీద ఇంటికి పంపుతారు. చేరడానికి పది పన్నెండు వారాలు. సబ్బులు, టూత్‌పేస్టులు, చాక్లెట్లు, టిన్నుల్లో మాంసం, తువ్వాళ్ళు, దుప్పట్లు, చెప్పులు. సబ్బులు అక్కడ దొరకవా అని నేనొకసారి తెలివితక్కువగా అడిగాను. "దొరుకుతాయి. కానీ అవి నేను పంపినవి కావు కదా," అంది. ఒక్క వేలు పట్టే సందు కూడా వదిలేది కాదు. బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో పెన్సిళ్ళు, కప్పుల్లో చాక్లెట్లు, చాక్లెట్ల మధ్య జుట్టు క్లిప్పులు. ఆదివారం పూట పెట్టె పక్కన నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని సర్దిందే సర్దేది. పెట్టె ఇంటికి చేరినప్పుడు అందరూ చుట్టూ చేరి, ఏ వస్తువూ తీయకముందు తలలు లోపల పెట్టి వాసన చూస్తారట. ఆ వాసనే వాళ్ళకి పరదేశం. "మా అమ్మాయికి చిన్నప్పుడు ఆ వాసన వస్తే, అమ్మ వచ్చింది అనేదట," అంది ఒకసారి. అని ఊరుకోకుండా నవ్వింది. నాకేమో ఏడుపొచ్చింది.

అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఆతె ఇల్లు విడిచింది. ఎనిమిదేళ్ళు గల్ఫ్‌లో, ఆ తర్వాత ఇక్కడ. మొగుడు ఎప్పుడో వేరే కాపురం పెట్టుకున్నాడు. పిల్లని ఆతె అక్క పెంచింది. ఆ పిల్ల పెద్దమ్మని 'మామా' అంటుంది, కన్నతల్లిని 'మా' అంటుంది. రెండూ అమ్మ అనేగా అంటే అవును, అమ్మ అనే. కానీ ఒకటి పూర్తి మాట, ఒకటి సగం మాట. ఇక్కడికి రమ్మంటే ఆ పిల్ల రానంది. స్నేహితులు అక్కడ, పెద్దమ్మ అక్కడ, ఇక్కడ ఎవరున్నారు? ఆ మాటే అందట ఫోన్లో, "అక్కడ నాకెవరున్నారు మా?" అని.

ఆ పిల్లకి డిసెంబర్‌లో పద్దెనిమిది నిండుతాయి. వాళ్ళలో ఆడపిల్లకి పద్దెనిమిదో పుట్టినరోజు మామూలు పుట్టినరోజు కాదు. మన ఓణీల ఫంక్షన్ ఎంత హడావిడో అంతకి రెండింతలు. పిల్ల పెద్ద గౌను వేసుకుంటుంది. పద్దెనిమిది మంది మగవాళ్ళు ఒక్కొక్కరూ గులాబీ ఇచ్చి ఆమెతో రెండడుగులు నాట్యం చేస్తారు. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఒక్కొక్కరూ కొవ్వొత్తి వెలిగించి దీవెన చెబుతారు. ఆఖరి కొవ్వొత్తి తల్లిది. ఆతె వెళ్ళే వీలు లేదు. వీసా పొడిగింపు కాగితాలు పెట్టి ఉంది, అవి తేలేదాకా ఈ దేశం దాటితే అర్జీ రద్దయిపోతుంది. ఎవర్ని అడిగినా అదే మాట. లాయరు అదే అన్నాడు, చర్చిలో ఆంటీలూ అదే అన్నారు. నేను కూడా ఇంటర్నెట్ అంతా తిరగేసి, ఏ సందూ దొరక్క నోరు మూసుకున్నాను.

"ఆఖరి కొవ్వొత్తి మా అక్క వెలిగిస్తుంది," అంది ఆతె. "ఫరవాలేదు. గౌను నాది."

గౌను తనే కుట్టింది. కొనలేదు. వాళ్ళమ్మ దర్జీ పని చేసేదట, చిన్నప్పుడే చెయ్యి తిరిగింది. మా తిండి బల్ల మీద సెకండ్ హాండ్ మిషన్ పెట్టుకుని, షిఫ్టు లేని రోజల్లా దాని ముందే. మీగడ రంగు సాటిన్. నడుం దగ్గర చిన్న చిన్న ముత్యాలు, ఒక్కొక్కటీ చేత్తో కుట్టినవే. కొలతలు ఫోన్లో అడిగితే ఆ పిల్ల ఏదో చదువుకుంటూ తలెత్తకుండా చెప్పింది. రంగు ఏది కావాలంటే, "నీ ఇష్టం మా," అంది. "చూశావా, నా ఇష్టం అంది!" అని ఆతె పొంగిపోయింది. నేను తలూపాను. నాకెందుకో ఆ మాట అంత తియ్యగా వినిపించలేదు. కానీ మనకెందుకులే అనుకున్నాను. అలా ఊరుకోవడం నా జన్మలో అదొక్కసారే చేశానేమో.

ఆ గౌను పెట్టెలో పెట్టే ఉద్దేశం లేదు. షెఫీల్డ్‌లో వాళ్ళ ఊరి నర్సు ఒకామె అక్టోబర్‌లో ఇంటికి వెళుతోంది, ఆమె చేతికిచ్చి పంపాలని ఆతె ఏర్పాటు చేసుకుంది. నాకు తెలిసింది అంతే. ఇక్కడ నన్ను నేను కాస్త సమర్థించుకోవాలి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. పెట్టెలో గౌను లేదనే నేననుకున్నాను.

ఇక నా ఘనకార్యం. వేసవిలో, మనవాళ్ళ కొట్లు ఎక్కువుండే ఈస్ట్ హామ్ వెళ్ళినప్పుడు అక్కడ కొట్లో గట్టి పుల్లకాయలు దొరికితే, పదిహేను కాయలు రైల్లో మోసుకొచ్చి ఆవకాయ పెట్టాను. ఆతెకి పచ్చి మామిడికాయ అంటే ప్రాణం. వాళ్ళు దాన్ని ఉప్పు రొయ్యల ముద్దతో నంజుకుంటారు. నా ఆవకాయ ఒక ముక్క తిని, కళ్ళ నీళ్ళు కారుతుండగా ఇంకో ముక్క అడిగింది. ఒకరోజు కూతురితో వీడియోలో మాట్లాడుతూ అన్నంలో కలుపుకు తింటుంటే, ఎప్పుడూ తలెత్తని ఆ పిల్ల తలెత్తింది. "మా, అదేంటి ఎర్రగా?" అని అడిగింది. ఆతె చెప్పింది. "కారమా? ఎంత కారం? నాకూ పంపవా?" అంది. ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడం నేను చూడటం అదే మొదటిసారి. ఆతె నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది, విన్నావా అన్నట్టు.

కానీ పచ్చడి పెట్టెలో వద్దంది. పెట్టెలు ఓడకెక్కించే కార్గో అతను ఖరాఖండిగా చెప్పాడట, ద్రవాలు వద్దు, గాజు సీసాలు వద్దు అని. సరే అని ఊరుకున్నానా? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని మా నాయనమ్మ అననే అనేది. నాకు ఎక్కుతుందా! మా ఇళ్ళల్లో ఆడపిల్లకి శుభకార్యమంటే, ఇంటి నుంచి వెళ్ళే పెట్టెలో తినేది ఏదో ఒకటి పెట్టకుండా మూత వేయరు. అదీగాక పిల్ల నోరు తెరిచి అడిగింది. గాజు కాదు, ప్లాస్టిక్ డబ్బా. ద్రవం కాదు, పచ్చడి. ఇలా నాలో నేనే పెద్ద ప్లీడరులా వాదించుకుని, నేనే తీర్పిచ్చుకుని, ఆతె డ్యూటీలో ఉండగా ఒక కిలో డబ్బా నిండా ఆవకాయ కూరాను. పైన నూనె తేలేలా, మా అమ్మ పెట్టినట్టు. మూత బిగించి, మూడు సంచుల్లో చుట్టి, తువ్వాళ్ళ మధ్య దోపేశాను. పిల్ల పెట్టె విప్పి చూసి ఎంత సంతోషిస్తుందో అనుకుంటే, ఆ సాయంత్రమంతా నాకు నేలమీద కాలు నిలవలేదు.

ఆగస్టు ఆఖర్లో వాన్ వచ్చింది. అంతకు ముందురోజే ఆతె పెట్టె చుట్టూ నాలుగు రోల్స్ టేపు వేసింది. ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి, మా సన్నటి తలుపులోంచి పక్కకి వాల్చి, ఆ తర్వాత దాదాపు తలకిందులుగా చేసి బయటికి తీశారు. "ఈ వైపు పైకి అని రాశాను కదా!" అని ఆతె వెనకాలే అరిచింది. నేను నవ్వాను. వాన్ వెళ్ళిపోయాక ఆతె గుమ్మంలో శిలువ వేసుకుంది. ముందు గది ఒక్కసారిగా మైదానంలా అయిపోయింది.

నాలుగు రోజులకి వంటింట్లో కారం డబ్బా వెనక ఒక తెల్లటి బిళ్ళ కనబడింది. నూనె అంటుకుని ఉంది. ఆవకాయ డబ్బాకి పై మూత కింద ఒక లోపలి మూత ఉంటుంది, అదే. రుచి చూద్దామని తీసి, పక్కన పెట్టి, పై మూత ఒక్కటే బిగించేశాను. నా బుద్ధి గడ్డి తింది. సరేలే, తువ్వాళ్ళు కాస్త నూనె అవుతాయి, ఆతె రెండు తిట్లు తిడుతుంది, పడతాను అనుకున్నాను.

ఆ సాయంత్రమే మాటల మధ్యలో అడిగాను, షెఫీల్డ్ ఆవిడ గౌను ఎప్పుడు తీసుకెళుతుందని. ఆతె ఉల్లిపాయలు తరుగుతూ, "ఆమె వెళ్ళడం లేదు, సెలవు దొరకలేదు. గౌను పెట్టెలోనే పెట్టేశాను, టేపు వేసే ముందు," అంది. "ఎందులో పెట్టావు? ప్లాస్టిక్ కవర్లోనేగా?" అన్నాను. "ప్లాస్టిక్‌లో ఉంటే సాటిన్ పచ్చబడుతుంది. తలగడ గలీబులో చుట్టి పెట్టాను, తువ్వాళ్ళ మీద, మెత్తగా ఉంటుందని," అంది. అని, "ఎందుకలా చూస్తున్నావు? తిన్నావా?" అంది.

నేను తినలేదు. చెప్పనూ లేదు. మర్నాడు ల్యాబ్ మెట్ల మీద నిలబడి కార్గో అతనికి ఫోన్ చేశాను. అతనూ ఫిలిప్పీన్స్ మనిషే, నెమ్మదస్తుడు. పెట్టె కంటైనర్లో ఎక్కేసింది, కంటైనర్ రేవుకి వెళ్ళిపోయింది అన్నాడు. "తీయలేరా? నేనే వచ్చి తీసుకుంటాను, ఎక్కడికైనా వస్తాను," అన్నాను. "మేడమ్, దాని ముందు నాలుగొందల పెట్టెలున్నాయి," అన్నాడు. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నాను. అతను పాపం ఫోన్ పెట్టేయకుండా వింటూ ఉండిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో నాకే తెలియాలి. ఓడ ఎక్కడుందో చూపించే యాప్ ఒకటుంది. ఆతె రోజూ పొద్దున్నే టీ తాగుతూ దాన్ని తెరిచి నాకు చూపించేది. చిన్న నీలం చుక్క. "ఇవాళ ఇక్కడికి వచ్చింది!" అనేది. ఆ చుక్కలో నాకు పెట్టె కనబడేది, పెట్టెలో డబ్బా కనబడేది, డబ్బాలోంచి చుక్క చుక్కగా నూనె. ఎండలో కంటైనర్ ఎంత వేడెక్కుతుంది, ఆవకాయ ఎంత పొంగుతుంది, ఇవే లెక్కలు నాకు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను. వెంకటేశ్వరస్వామికి సరిపోదేమోనని ఆతె గదిలో ఉన్న మేరీమాతకీ పెట్టుకున్నాను. రోజుకో నిమిషం, చెప్పేద్దాం అనుకునేదాన్ని. ఆమె ముత్యాలు కుట్టిన వేళ్ళు చూసి మింగేసేదాన్ని. సూదిపోట్లు ఇంకా నల్లగా ఉండేవి.

అయిదో వారంలో ఇక కడుపులో ఆగలేదు. శనివారం పొద్దున ఆమె వెల్లుల్లి అన్నం వేయిస్తుంటే వెనక నిలబడి మొత్తం కక్కేశాను. డబ్బా, లోపలి మూత, తువ్వాళ్ళు, అన్నీ. ఆతె స్టవ్ కట్టేసింది. తర్వాత, "బహాలా నా," అంది. ఏం జరిగితే అది జరుగుతుంది, పైవాడే చూసుకుంటాడు అని వాళ్ళనే మాట. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇక్కడ ఒక మంచి గౌను కొందాం, నేను కొంటాను, కొరియర్లో వారంలో చేరుతుంది," అన్నాను.

"కొన్నది వాళ్ళూ కొనుక్కోగలరు," అంది.

"పోనీ ఇంకోటి కుట్టు. నీ డ్యూటీలు నేను మార్పిస్తాను, డ్యూటీలు వేసే ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను."

"నాలుగు నెలలు పట్టింది అది," అంది. "నా దగ్గర నాలుగు నెలలు ఎక్కడున్నాయి?"

ఆ రోజు నుంచి అలక. వాళ్ళలో దాన్ని తంపో అంటారు. మనసు కష్టపెట్టింది దగ్గరివాళ్ళయితే తిట్టరు, మాట తగ్గిస్తారు, అంతే. పరాయివాళ్ళ మీద చెయ్యరట అది, అదొక్కటే నాకు దక్కిన ఊరట. అన్నం తనకొక్కదానికే వండుకునేది. 'తిన్నావా' లేదు. నేను క్షమించమని చెబితే, "ఏం లేదు, నేను బాగానే ఉన్నాను," అనేది. నా సంగతి తెలుసుగా, మూడో రోజుకి నాకే కోపం వచ్చింది. "తిట్టవచ్చుగా! నాలుగు తిట్టి పారెయ్!" అని అరిచాను. ఆమె తన ప్లేటు కడుక్కుని పైకి వెళ్ళిపోయింది. పన్నెండో రోజున నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బల్ల మీద నా కోసం మూతపెట్టిన పులుసు గిన్నె ఉంది. నా ఆవాల తాలింపు కూడా తనే వేసింది, మాడ్చేసింది. నేను ఏడుస్తూ తిన్నాను. పెట్టె మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

నవంబర్ మధ్యలో పెట్టె చేరింది. మాకు శనివారం పొద్దున, వాళ్ళకి సాయంత్రం. ఆతె ఫోన్ని చక్కెర డబ్బాకి ఆనించి పెట్టి, తల దువ్వుకుని, లిప్‌స్టిక్ వేసుకుని కూచుంది. నేను ఫోన్లో కనబడకుండా ఫ్రిజ్ పక్కన నిలబడ్డాను. అక్కడ ఇంటినిండా జనం. పిల్లలు పెట్టె చుట్టూ మూగారు. ఆతె అక్క కత్తితో టేపు కోసింది. అందరూ అలవాటు ప్రకారం తలలు లోపల పెట్టారు. పెట్టిన తలలు పెట్టినట్టే వెనక్కి వచ్చాయి. ఒక పిల్లాడు తుమ్మాడు. ఎవరో నవ్వారు. ఆతె నవ్వలేదు.

తువ్వాళ్ళు ఎర్రగా వచ్చాయి. తలగడ గలీబు ఒక వైపు పసుపుపచ్చగా అట్ట కట్టింది. అమ్మాయి గౌను విప్పి రెండు చేతులతో పైకెత్తింది. నడుం కింద నుంచి అంచు దాకా ఎర్ర నూనె మరక, ముత్యాల మీద ఆవపిండి. నేను ఫ్రిజ్‌కి చేరగిలబడిపోయాను. చచ్చిపోతే బాగుండు అనిపించింది, ఊరికే అనే మాట కాదు.

"ఫరవాలేదు మా," అంది అమ్మాయి.

ఆతె గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. అంతా వాళ్ళ భాషలో, మధ్యలో ఇంగ్లీషు, ఇన్నాళ్ళకి నాకూ అర్థమవుతోంది. ఉతికేవాళ్ళు ఉన్నారేమో చూడమంది. వెనిగర్ రాయమంది. కింద గుడ్డ కత్తిరించి వేరేది అతికితే, పట్నంలో దర్జీకి ఇస్తే, ఇంకా మూడు వారాలుంది, డబ్బు పంపుతాను అంది. అమ్మాయి వినలేక పెద్దమ్మ వైపు చూసింది. వాళ్ళు వేలితో కాదు, పెదవులు ముందుకు చాచి చూపిస్తారు దేన్నయినా. ఆవిడ పెదవులతో లోపలి గదిని చూపించింది.

అమ్మాయి లోపలికెళ్ళి ఒక గౌను పట్టుకొచ్చింది. నీలం రంగు. పెద్ద కుచ్చిళ్ళు, వెన్ను మీద పట్టీలు. ఒంటికి ఆనించి పట్టుకుంది. కొలత పెట్టి కుట్టినట్టుంది, ఎందుకంటే కొలత పెట్టే కుట్టారు. జూలైలోనే, పెద్దమ్మా తనూ వెళ్ళి, గుడ్డ తీసి, మూడుసార్లు వేసుకు చూసి కుట్టించుకున్నారు. మేం తిండి బల్ల మీద ముత్యాలు ఏరుకుంటున్నప్పుడు.

"నీకు బాధగా ఉంటుందని చెప్పలేదు మా," అంది. "నీది పొద్దున చర్చికి వేసుకుందామనుకున్నాను." ఆ రెండో మాట అప్పటికప్పుడు పుట్టిందో, నిజమో, నాకు తెలియదు. ఆతెకి తెలిసే ఉంటుంది. వెనక నుంచి నాకు ఆమె వీపే కనబడుతోంది. మామూలుగానే, "చాలా బాగుంది. ఏదీ, చుట్టూ తిరుగు, చూద్దాం," అంది.

అమ్మాయి తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతలో ఎవరో సంచుల్లోంచి డబ్బా తీశారు. సగం మిగిలి ఉంది. "మా! ఆ ఎర్రది!" అని ఆ పిల్ల గౌను పక్కన పారేసి, వేలితో తీసి నాకి, ఎగిరింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ నాకింది. కళ్ళ నీళ్ళతో పగలబడి నవ్వుతూ మొహం ఫోన్ దగ్గరగా పెట్టింది, తెరంతా ఆ మొహమే. ఆతె కూడా నవ్వింది. వేలితో తెర మీద ఆ పిల్ల బుగ్గ దగ్గర ముట్టుకుంది. తల్లి కుట్టిన గౌను వెనక కుర్చీ మీద వేలాడుతోంది, ఎవరూ దాన్ని మడత పెట్టలేదు.

ఫోన్ పెట్టేశాక నేను ముందుకు వచ్చాను. మరక లేకపోయినా ఆ గౌనుకి పట్టేది అదే గతి. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అది నోటితో అనేంత పాపిష్టిదాన్ని కాదు నేను. "ఆతె..." అన్నాను, అంతే.

ఆతె లిప్‌స్టిక్ తుడిచేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది. "వార్డులో అందరూ అడుగుతారు, గౌను వేసుకుందా అని. చర్చిలో అడుగుతారు. నేను కుట్టడం అందరూ చూశారు." కాగితం మడిచి మళ్ళీ తుడుచుకుంది. "వేసుకునేదే, పచ్చడి వల్ల పాడైపోయింది అని చెబుతాను. నువ్వూ అలాగే చెప్పు. సరేనా?"

ఇన్నాళ్ళూ నేను అడుక్కున్నది అదే కదా, తప్పు నాది అనమని. తీరా అంటే, బల్ల మీది చక్కెర డబ్బా తీసి దాని చోట పెట్టాను. "సరే ఆతె," అన్నాను.

క్రిస్మస్‌కి వాళ్ళవాళ్ళందరూ చర్చి హాల్లో కలుసుకుని వంటలు తెచ్చుకుంటారు. నేనూ వెళ్ళాను. ఆతె కూతురి పుట్టినరోజు వీడియో ఎవరో టీవీలో పెట్టారు. నీలం గౌను, గులాబీలు, పెద్దమ్మ చేతిలో ఆఖరి కొవ్వొత్తి. ఆతె వార్డు నర్సు ఒకామె, నోటినిండా నూడుల్స్‌తోనే తిరిగి, "అదేంటి, నువ్వు కుట్టింది తెల్లది కదా? అది వేసుకోలేదా?" అని అందరికీ వినబడేలా అడిగింది.

ఆతె నా పక్కనే కూచుని ఉంది. "ఇదిగో, దీన్ని అడుగు," అని నా భుజం మీద చెయ్యి వేసింది. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. చెప్పాను. ఆవకాయ డబ్బా పెట్టింది నేనే, మూత మరిచింది నేనే, గౌను పాడుచేసింది నేనే అన్నాను. హాలంతా గొల్లుమంది. ఒకామె అయ్యో అయ్యో అని నెత్తి కొట్టుకుంది, ఒకామె నా చెవి మెలిపెట్టింది. వెనక బల్ల దగ్గరున్న ముసలావిడకి వినబడలేదు. "ఎందుకట? ఎందుకు వేసుకోలేదట పిల్ల?" అని అరిచింది.

ఆతె నా భుజాన్ని గట్టిగా నొక్కింది. నేను లేచి నిలబడి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.